బీడీ మడతలో దాగిన బిళ్ళ

ఇంద్రజాలం నేర్పే పుస్తకాలన్నీ కోటు తొడుక్కున్న మగవాళ్ళ కోసం రాసినవి. బిళ్ళను అరచేతి మధ్య కండతో పట్టి దాచమంటాయి. నా అరచెయ్యి చిన్నది, రూపాయి బిళ్ళ పెడితే సగం నిండిపోతుంది. దాచిన దాన్ని కోటు చేతిలోకి జార్చమంటాయి. నేను కట్టేది చీర. జాకెట్ చేతులు మోచేతి పైనే ఆగిపోతాయి, జేబు అనేది లేనే లేదు. ఉన్నదల్లా కొంగు, దాని మీద చెయ్యి వేశామంటే ఎదుటివాళ్ళ కళ్ళు అక్కడికే పోతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వాళ్ళు నాలాంటి మనిషిని లెక్కలో వేసుకోకపోవడం వల్లే నాకంటూ ఒక పద్ధతి దొరికింది. ఆ పద్ధతి వల్లే మా అవ్వ ఒకరోజు ఊరి ముందు నేల మీద దోషిలా కూర్చోవలసి వచ్చింది.

అవ్వ అంటే నా కన్నతల్లి. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం. కొడిమ్యాల దగ్గర ఒక ఊరు మాది. మా నాన్న, బాపు అనేవాళ్ళం, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. బాపు పోయాక ఇల్లంతా అవ్వ వేళ్ళ మీదే నడిచింది. నేనూ బడికి పోయే ముందు కాసేపు, వచ్చాక కాసేపు చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్నే. ఇంటర్ చదవడానికి కోరుట్లలో మేనత్త ఇంటికి పంపిస్తే అక్కడా సాయంత్రాలు బీడీలతోనే గడిచేవి. చదువు మారింది కానీ చాట మారలేదు.

ఇంద్రజాలం మొదటిసారి చూసింది కోరుట్ల అంగడిలో. ఒకాయన నేల మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు దూరంగా నిలబడి తొంగిచూసి పోతుంటే నేను సందు చేసుకుని పోయి ఆయన ఎదురుగా గొంతుకూర్చున్నాను. బిళ్ళ చూపించాడు, గుప్పిట మూశాడు, ఊదాడు, తెరిచాడు. లేదు. నా ముఖానికి జానెడు దూరంలో ఉన్న బిళ్ళ, నేను రెప్ప వేయకుండా చూస్తున్న బిళ్ళ, లేనే లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి చప్పట్లు కొట్టారు. నాకు నవ్వు రాలేదు. ముందు ఒళ్ళు చల్లబడింది, ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది. కళ్ళున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంత మోసం ఎట్లా చేస్తాడు?

"ఎటువోయిందో చెప్పు" అని గద్దించాను.

"గది చెప్తే నా పొయ్యి ఎట్ల మండుతది చెల్లే?" అన్నాడాయన, నొచ్చుకోకుండా.

అదే కోపంతో ఒక పేకముక్కల కట్ట కొన్నాను. మేనత్త చూసి నెత్తి కొట్టుకుంది. "ఆడపిల్ల చేతిల పత్తలేందే? నలుగురు సూస్తే ఏమంటరు?" అంది. పేక అంటే ఆమెకు జూదం తప్ప ఇంకోటి తెలియదు. దాంతో ఆ కట్టను బీడీ ఆకుల మధ్యన దాచాను. ఆకు పెళుసుబారకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచుతాం, ఆ మూటలో. మర్నాడు తీస్తే ముక్కలు చెమ్మగిల్లి జంటలు జంటలుగా అంటుకుని ఉన్నాయి. ఏడుపొచ్చింది. విసుగ్గా పైముక్క లేపితే కిందిది కూడా దానితోపాటే వచ్చింది, చూడటానికి మాత్రం ఒక్కటే. ఏడుపు అక్కడే ఆగిపోయింది. అంచుకు మాత్రం కాస్త చెమ్మ తగిలిస్తే రెండు ముక్కలు ఒకటిగా లేస్తాయి, బొటనవేలితో చిన్నగా తోస్తే మళ్ళీ రెండవుతాయి. నేను సొంతంగా కనిపెట్టుకున్న మొదటి పద్ధతి అది. పెద్ద పెద్ద వాళ్ళు దీన్ని వేరే రకంగా ఎప్పటినుంచో చేస్తున్నారని తర్వాత తెలిసింది. తెలిసినా గర్వం మాత్రం తగ్గలేదు.

బిళ్ళ విద్య అంత తేలిగ్గా లొంగలేదు. పుస్తకంలో చెప్పినట్టు పడితే కిందపడేది, లేదంటే వేళ్ళ సందుల్లోంచి మెరిసేది. ఒక సెలవు రోజు మా ఊళ్ళో అవ్వ ఎదురుగా ఊరికే కూర్చుని ఉన్నాను. అవ్వ చుట్టిన బీడీని ఎడమచేతి వేళ్ళ మధ్య నిలబెట్టి, కుడి బొటనవేలి గోటితో దాని మూతి లోపలికి మడుస్తోంది. టకటకా మడుస్తోంది. నేను ఏదో అడిగితే జవాబు చెప్పడానికి కుడిచెయ్యి కొద్దిగా తిప్పింది. అప్పుడు కనపడింది. తర్వాత చుట్టాల్సిన ఆకు ఆ చేతి చివరి రెండు వేళ్ళ కింద నొక్కి ఉంది.

నేను కొయ్యబారిపోయాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చేతిని చూస్తున్నాను. ఆ ఆకు నాకు ఒక్కనాడూ కనపడలేదు. గోరు ఆడుతుంటే కన్ను గోటి మీదే ఉంటుంది, చివరి వేళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. నా కన్నతల్లి రోజంతా నా ముందు ఇంద్రజాలం చేస్తోంది, ఆ సంగతి ఆమెకూ తెలియదు.

ఆకు ఉండే చోట బిళ్ళ పెట్టాను. అయితే బీడీ లేకుండా గోరు దేన్ని మడవాలి? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం పీడించింది. ఈలోగా పెళ్ళయింది, సిరిసిల్ల వచ్చాను. మా ఆయన సాంచెల మీద పని చేసేవాడు. సాంచె అంటే మరమగ్గం, దాని చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు, అందుకే ఆయన ఇంటి దగ్గర కూడా చేతులతోనే ఎక్కువ మాట్లాడేవాడు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు ఆయన చేతిలో బస్సు చార్జీకి ఒక బిళ్ళ పెట్టి, పారేసుకుంటాడేమోనని ఆయన వేళ్ళు ఒక్కొక్కటే నేనే మూశాను. మూస్తుంటే నా బొటనవేలు బీడీ మూతి మడిచినట్టే కదిలింది. నాకు జవాబు దొరికింది. మడవాల్సింది ఎదుటివాళ్ళ గుప్పిటే.

బిళ్ళను ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టి గట్టిగా అదుముతాను. వాళ్ళ వేళ్ళు ఒకటొకటే గోటితో మడుస్తాను. ఆ మడతలోనే బిళ్ళ నా చివరి వేళ్ళ కిందికి వచ్చేస్తుంది. వేళ్ళు జారకుండా సుద్దముక్క పొడి ఉండనే ఉంది, పంతులమ్మ చేతికి సుద్ద అంటితే ఎవరు అడుగుతారు? అదిమిన చోట బిళ్ళ ఇంకా ఉన్నట్టే వాళ్ళకు తెలుస్తూ ఉంటుంది. ఊదమంటాను, తెరవమంటాను. ఉండదు. ఆ తర్వాత వాళ్ళ చేతి వెనక నుంచి, చర్మంలోంచి వచ్చినట్టుగా, మెల్లగా బయటికి తీస్తాను. మొదటిసారి ఇది చూసినప్పుడు మా ఆయన చెయ్యి దులుపుకుని లేచి బయటికి పోయాడు. వాకిట్లో నిలబడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆయనను అంత బెదరగొట్టినందుకు నాకు లోలోపల పండగే.

ఇంతలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి, సాంచెలు ఆగాయి, బస్సులు నిలిచిపోయాయి. ప్రతి చౌరస్తాలో ఒక టెంటు, టెంటులో నిరాహార దీక్షలు. జగిత్యాలలో టీచర్ల టెంటుకు రమ్మని మావాళ్ళు పిలిస్తే పోయాను. పాటలు అయిపోయాయి, ప్రసంగాలు అయిపోయాయి, పొద్దు మాత్రం పోవడం లేదు. ఎవరో నా పేరు చెప్పారు. నేను మైకు ముందుకు పోయి ముందు వరసలో ఉన్న ఒకాయన చేతిలో బిళ్ళ పెట్టాను.

"ఇది మన నీళ్ళు, మన కొలువులు. మన చేతిలనే ఉన్నయని అందరం అనుకుంటున్నం. గట్టిగ వట్టుకో అన్నా. ఊదు. ఇగ తెరువు."

తెరిచాడు. బిళ్ళ లేదు. టెంటులో లేచిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఎటువోయింది?" అని నేను అడిగితే వాళ్ళు అరిచి చెప్పిన జవాబు ఇక్కడ రాయడం ఎందుకులే. బిళ్ళను తిరిగి తీయబోతుంటే ఒక పెద్దాయన ఆపాడు. "తియ్యకు బిడ్డా. గట్లనే ఉండనియ్యి. తెలంగాణ వచ్చిన్నాడు తీద్దువు" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ రోజు నుంచి నా ఆటలో రెండో సగం తీసేశాను. బిళ్ళ మాయమవుతుంది, తిరిగిరాదు. "నీ చేతిలనే ఉన్నది, తెలంగాణ వచ్చిన్నాడు బయటికొస్తది" అనేది చివరి మాట. ఎక్కడ చేసినా అదే ఆట, అదే మాట. కథలాపూర్ వైపు నుంచి కూడా పిలుపులు వచ్చాయి.

బతుకమ్మ రోజుల్లో మా ఊరు పోయాను. నేను పోయినప్పుడల్లా అవ్వ నా చేతికి నల్లదారం కడుతుంది, దిష్టి తగలకుండా అనుకునేదాన్ని. ఆ రోజూ కట్టింది. వాకిట్లో ఆడవాళ్ళంతా చాటలు పెట్టుకుని కూర్చున్నారు. ఎదురింటి పెద్దమ్మ, మా అవ్వకు జోడు, ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు, "జగిత్యాల్ల ఏందో చేసినవట గదనే, మాకు సూపియ్యవా?" అని దెప్పింది. నేను ఆమె చెయ్యి అందుకున్నాను. బిళ్ళ పెట్టి అదిమాను. వేళ్ళు మడిచాను.

తెరిచి చూసుకుని పెద్దమ్మ "ఓర్నాయనో!" అని చాట జారవిడిచింది. తంబాకంతా నేలపాలయింది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "ఎటువోయిందే?"

"నీ చేతిలకే వోయింది పెద్దమ్మా. తెలంగాణ వచ్చిన్నాడు ఎల్తది."

అప్పటికే మా ఆయన బండి హారన్ కొడుతున్నాడు, దారిలో రాస్తారోకో మొదలుకాకముందే సిరిసిల్ల చేరాలని. నేను నవ్వుతూ లేచాను. అందరూ నవ్వుతున్నారు. అవ్వ ఒక్కతే నవ్వలేదు. చేతిలో బీడీ అట్లాగే పట్టుకుని నన్ను చూసి లోపలికి పోయింది. పొయ్యి మీద ఏదో మాడుతోందేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకు పొద్దున్నే ఫోన్ మోగింది. ఊళ్ళో అవ్వ పక్కింట్లో ఉండే చిన్నమ్మ, బాపు తమ్ముడి భార్య. ఏడుస్తోంది.

"మీ అవ్వ ఒప్పుకున్నదే!"

"ఏం ఒప్పుకున్నది?"

"మంత్రం నేనే చేసిన అన్నది. ఎదురింటి పెద్దక్క చెయ్యి వాచింది బిడ్డా, బూరెలెక్క వాచింది, వేళ్ళు వంగుతలేవు. నువ్వు పంపిన బిళ్ళ లోపల తిరుగుతున్నదట. పెద్దక్క కొడుకు మనుషుల జమ చేసిండు. మీ అవ్వను సంఘం ఇంటి ముందట కూసోవెట్టిండ్రు. నువ్వు జెల్దిరా."

ఫోన్ చేతిలో ఉంది, చెవిలో చిన్నమ్మ ఏడుపు ఉంది, నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. బిళ్ళ తిరగడమేమిటి? ఆ బిళ్ళ నాతోనే వచ్చేసింది. ఆ రోజే సిరిసిల్లలో దానితో కొత్తిమీర కొన్నాను. మంత్రం అన్న మాట అప్పుడు మెదడుకు ఎక్కింది. మా పల్లెల్లో బాణామతి చేసిందని ఒక ఆడమనిషి మీద పేరు పడితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. పళ్ళు ఊడగొట్టిన సంగతులు విన్నాను. అంతకంటే ఘోరమైనవీ విన్నాను. అవి వేరే ఊళ్ళవి, వేరే మనుషులవి అనుకునేదాన్ని. ఆ మాటలో మా అవ్వ ఎట్లా వచ్చి పడిందో నాకు తోచలేదు.

మా ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. "పా, బండి తీస్త" అన్నాడు.

వేములవాడ దాటేదాకా ఎవరూ ఆపలేదు. బోయినపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, జెండాలు, పాటలు, డప్పులు. అంబులెన్సుకు తప్ప దేనికీ దారి లేదు. మా ఆయన బతిమాలుతున్నాడు. ఇంతలో ఒకతను నన్ను గుర్తుపట్టాడు.

"జగిత్యాల టెంటుల బిళ్ళ మాయం చేసిన మేడం గదా! మేడం, ఒక్కసారి చేసి పోవాలె. గప్పుడే దారి ఇస్తం."

అందరూ మూగారు. నవ్వుతున్నారు, ప్రేమగానే అడుగుతున్నారు. మా అవ్వ సంగతి చెప్పబోయి ఆగాను. చెబితే వీళ్ళూ నమ్ముతారేమో అన్న భయం అప్పుడే మొదటిసారి తగిలింది. ఎవరో బిళ్ళ ఇచ్చారు. ఎవరిదో చెయ్యి ముందుకు వచ్చింది. వేళ్ళు మడుస్తుంటే బిళ్ళ జారి తారురోడ్డు మీద పడి గిరగిరా తిరిగి ఆగింది. జనం ముందు నా చేతిలోంచి బిళ్ళ జారడం అదే మొదలు. అందరూ దాన్నే చూశారు. ఒక ముసలాయన నా ముఖం చూసి "అయ్యో, పరేషాన్‌ల ఉన్నట్టున్నది, పోనియ్యుండ్రా" అని బండి పక్కకు జరిపాడు.

పంచాయితీలు జరిగే సంఘం ఇంటి ముందు ఊరు సగం ఉంది. మధ్యలో అవ్వ. కొట్టలేదు, జుట్టు చెదరలేదు, అది చూసి కొంచెం ఊపిరి వచ్చింది. దగ్గరికి పోయాక అవ్వ చేస్తున్న పని కనపడింది. పెద్దమ్మ వాచిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా రాస్తోంది. రాస్తూ తనకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ గొణుగుతోంది. నేనే చేశానని ఒప్పుకుంది కదా, ఇప్పుడు తీయమంటున్నారు. పొద్దుటి నుంచి మా అవ్వ, లోపల లేని బిళ్ళను, బయటికి తీయడానికి చూస్తోంది.

నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. "నువ్వెందుకొచ్చినవే? పో, పో ఈడికెల్లి" అంది. జనం వైపు తిరిగింది. "దానికేం తెల్వదయ్యా. సదువుకున్న పోరి. నేనే దాని చెయ్యివట్టి చేయించిన. నేనే తీస్త. దాన్ని పోనియ్యుండ్రి."

ఎన్నో ముఖాల మీద విస్మయం పుట్టించినదాన్ని, ఎదుటిమనిషి నోరు తెరుచుకునే ఆ క్షణం కోసం ఏళ్ళు ఖర్చుపెట్టినదాన్ని, అక్కడ నా నోరే తెరుచుకుని ఉండిపోయింది.

పెద్దమ్మ కొడుకు నా ముందుకు వచ్చాడు. నాకంటే పెద్దవాడు, చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పినవాడే. "నువ్వే అన్నవ్ గదా, తెలంగాణ వచ్చిన్నాడు ఎల్తదని? అది ఎన్నడొస్తదో ఎవలకెరుక? గందాక మా అవ్వ చెయ్యి గిట్లనే ఉండాల్నా? బీడీలు ఎవలు చుట్టాలె? తీయి చెల్లే. తీస్తే ఎవ్వలం ఏమనం."

చిన్నమ్మ నా చెవిలో గొణిగింది. "తీసెయ్యవే. నీకు వచ్చు గదా తీసుడు. తీసి చూపియ్యి, ఒడిసిపోతది."

నిజమే, నాకు వచ్చు. మా ఆయన జేబులో బిళ్ళ ఉంది. పెద్దమ్మ చేతి వెనక నుంచి దాన్ని మెల్లగా లాగి చూపిస్తే అందరూ హమ్మయ్య అంటారు. ఆ తర్వాత? ఈ ఊళ్ళో ఏ గేదె పాలు తగ్గినా, ఏ పిల్లకు జ్వరం వచ్చినా మా అవ్వ గడప ముందుకే వస్తారు. నేను సిరిసిల్లలో ఉంటాను, ఆమె ఇక్కడే ఉంటుంది. తీసిన చెయ్యి పెట్టగలదు కదా అంటారు. నాకు ఉన్న ఒకే ఒక్క సొంత ఆస్తి ఆ పద్ధతి. మా ఆయనకు కూడా చెప్పలేదు. కోరుట్ల అంగడి ఆయన ముఖం గుర్తొచ్చింది. అవ్వ ముఖం చూశాక ఇంక ఆలోచించలేదు.

"ఒక చాట తెండ్రి" అన్నాను. "ఆకు తెండ్రి. బీడీలు చుట్టే ఆడోళ్ళందరు ముందటికి రాండ్రి."

ఎవరూ కదల్లేదు. నేనే చిన్నమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టాను. "మూతి మడుస్తుంటే రెండో ఆకు ఎక్కడ వడ్తవ్?" అని అడిగాను. చిన్నమ్మ అయోమయంగా చెయ్యి చాపి చివరి రెండు వేళ్ళు మడిచి చూపించింది. ఆ వేళ్ళ కింద ఆకుకు బదులు బిళ్ళ పెట్టి, దాన్ని నా అరచేతికి అదమమన్నాను. "ఇగ మూతి మడువు. నా వేళ్ళు మడువు." చిన్నమ్మ నా గుప్పిట మడిచింది. నేను ఊది గుప్పిట తెరిచాను. ఖాళీ.

చిన్నమ్మ "అమ్మో" అని తన చేతిని తానే చూసుకుంది, బిళ్ళ అక్కడే ఉంది, తన వేళ్ళ కిందే. ఆ తర్వాత చిన్నమ్మ కిసుక్కున నవ్వింది. "ఓసి నీ పాడుగాను! ఇది మడతనేనానే?"

ఇంకొకామె వచ్చింది, ఇంకా ఇద్దరు వచ్చారు. బిళ్ళలు జేబుల్లోంచి, కొంగు ముడుల్లోంచి బయటికొచ్చాయి. మగవాళ్ళ చేతికి అది పట్టుబడలేదు, అందరి బిళ్ళలూ కిందపడ్డాయి. ఆడవాళ్ళ చేతుల్లో మాత్రం ఒక్కటీ పడలేదు. బతుకంతా చేస్తున్న పనే కదా. "ఇది బాణామతి అయితే మీ ఇండ్లల్ల ఆడోళ్ళందరు చేస్తరు. ఇగ ఎవలెవలిని కూసోవెడ్తరో కూసోవెట్టుండ్రి" అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

"మరి మా అవ్వ చెయ్యి?" అన్నాడు పెద్దమ్మ కొడుకు. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు, భయమే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలి గోరు మూలన పసుపురంగు తేలి ఉంది. గోరుచుట్టు. మూతి మడిచి మడిచి గోరు పక్కన చీలింది, చీము పట్టి వాపు మణికట్టు దాకా పాకింది. అంతా బిళ్ళ కోసం అరచేతినే చూశారు, గోటిని ఎవరూ చూడలేదు. మా ఆయన బండి మీద పెద్దమ్మను కొడిమ్యాల తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు కోసి చీము తీసి కట్టు కట్టాడు. కట్టు కడుతుంటే పెద్దమ్మ "సారూ, బిళ్ళ ఎల్లిందా?" అని అడిగిందట. మా ఆయన ఇప్పటికీ అది చెప్పి నవ్వుతాడు, నాకు మాత్రం పూర్తిగా నవ్వు రాదు.

ఆ తర్వాత నా ఆట ఆ చుట్టుపక్కల ఎక్కడా చెల్లలేదు. టెంటులో ముందు వరస ఆడవాళ్ళే "మేము చేస్తం సూడు మేడం" అని చేతులు చాపేవాళ్ళు. కనిపెట్టింది ఎవరని ఒక్కరూ అడగలేదు. దానికి మాత్రం నాకు కొంచెం ఉడుకుమోతుతనం ఉండేది.

ఆ రోజు జనం చెదిరిపోయాక అవ్వను ఇంటికి తీసుకుపోయాను. ఆమె చాలాసేపు నీళ్ళు కూడా ముట్టలేదు. నా లోపల అణచిపెట్టిన కోపమంతా ఆమె మీదే పడింది.

"చేసిన అని ఎందుకు చెప్పినవే? చంపుతుండిరి నిన్ను! ఆట చేసింది, నా బిడ్డది ఆట అని చెప్పరాకపోయిందా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "ఆటనా?" అంది.

"ఆట కాకపోతే ఏందే?" అన్నాను.

"నేను ఆట అనుకోలే బిడ్డా. నువ్వు సిరిసిల్లకెల్లి వచ్చి నా చేతిల బిళ్ళ మాయం చేసిన్నాడే నాకు ఎరుకైంది. నీకు ఏదో వచ్చింది అనుకున్న. భయమైంది. ఎవలికి చెప్తం? నల్లదారం కట్టుకుంట వచ్చిన. నా బిడ్డనే గదా, ఏదొచ్చినా నా బిడ్డకే గదా వచ్చింది అనుకున్న."

ఇన్నేళ్ళూ ఊళ్ళకు ఊళ్ళను విస్తుపోయేటట్టు చేశానని మురిసిపోయాను. మొట్టమొదట నమ్మింది నా ఇంట్లోనే ఉంది. ఎవరి వేళ్ళ నుంచి ఆ విద్య దొంగిలించానో ఆమే నన్ను చూసి ఇన్నాళ్ళు భయపడింది, భయపడుతూనే నా చేతికి దారం కట్టింది, ఆ భయంతోనే పోయి జనం మధ్య కూర్చుంది. మణికట్టు మీద దారం అప్పటికీ ఉంది. దాన్ని చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

కొంతసేపటికి అవ్వ చాట దగ్గరికి లాక్కుంది. నా చేతిలోంచి బిళ్ళ తీసుకుని ఆకు పట్టే చోట పెట్టుకుంది, నా అరచేతికి అదిమి గుప్పిట మడిచింది. ఎంత మెత్తగా మడిచిందంటే బిళ్ళ ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. తన వేళ్ళ కింద ఉన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "గింతేనా?" అంది. కళ్ళు తుడుచుకుని నవ్వింది, మళ్ళీ తుడుచుకుంది.

"మరి తీసుడెట్లనే? పొద్దుగాలకెల్లి పెద్దక్క చెయ్యి రాసి రాసి సచ్చిన. గది సూపియ్యి ముందుగాల."

ఉద్యమం కోసం తీసేసిన రెండో సగాన్ని, చేతి వెనక నుంచి బిళ్ళను బయటికి రప్పించడాన్ని, చాట ముందు కూర్చుని మా అవ్వకు నేర్పాను. ఆమె వేళ్ళకు అది రావడానికి ఎంతోసేపు పట్టలేదు.